హుజూర్ మునాసిబ్ అనుకుంటే

బొగ్గుబాయి మొగదల గంట కొట్టే రామకిషన్ పోయిన రోజు, ఆయన ఇంటి ముందు కూడిన వాళ్ళంతా ఆయన నోటి గురించే మాట్లాడుకున్నారు. ఎంత పెద్ద ఆఫీసరునైనా "ఏయ్, ఆగు!" అని గద్దించేవాడని ఒకరు, ఇంజనీరుని పట్టుకుని "కండ్లు నెత్తికెక్కినయా?" అన్నాడని ఇంకొకరు చెప్పారు. అంత కటువైన మనిషిని తన నలభై ఏళ్ళ నౌకరీలో చూడలేదని ఆయనతో బాయిలో పనిచేసిన రాజం అన్నాడు. నేను అరుగు మీద ఓ మూల కూర్చుని విన్నాను. ఆ నోరు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదనీ, అది ఎలా వచ్చిందో తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణేననీ చెప్పాలనిపించింది. కానీ తెలిసింది దాచుకోవడంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి అలవాటుంది. ఆ రోజూ నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

నా పేరు అనంతరావు. చాందా బజారులో మాది కిరాణా దుకాణం. గల్లా దగ్గర కూర్చోవడం నామోషీ అనుకుని టైపు నేర్చుకుని సర్కారు నౌకరీలో చేరాను. చేరినప్పుడు మాది మధ్యప్రదేశ్. 1956 నవంబరులో తెల్లారేసరికి బొంబాయి రాష్ట్రమైంది. ఊరు కదలలేదు, మేమూ కదలలేదు, ఆఫీసు ముద్రలు మాత్రం మారాయి. ఊరి బయట విమానాలు దిగే మట్టి పట్టీ ఒకటి ఉండేది. నన్ను అక్కడి ఆఫీసుకు వేశారు. అడవులు, గనులు సర్వే చేసే చిన్న విమానం ఒకటి నాగపూర్ నుంచి వారానికోసారి వచ్చేది. ఎప్పుడైనా ఓ మంత్రి దిగేవాడు. రెండే గదుల ఆఫీసు. ఒకదాంట్లో నా టైపు మిషను, ఇంకోదాంట్లో వైర్‌లెస్ పెట్టె, మధ్యన తలుపు లేని గుమ్మం. పక్క గదిలో ఎవరు తుమ్మినా నాకు వినబడేది.

ఆ వైర్‌లెస్ పెట్టె ముందు కూర్చోవడానికి వచ్చినవాడే రామకిషన్. రాజురా మనిషి. హైదరాబాద్ సర్కారు పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసేవాడు. హైదరాబాద్ రాష్ట్రాన్ని ముక్కలు చేసి పంచినప్పుడు రాజురా బొంబాయి వాటాకి వచ్చింది. ఏ రాష్ట్రం కావాలో రాసివ్వమని నౌకర్లకు ఫారాలిచ్చారు. భార్య కమలాక్షి, ఇల్లు, ఉన్న ఎకరం చేను అన్నీ రాజురాలోనే ఉన్నాయి కనుక ఆయన బొంబాయి అని రాశాడు. అలా వచ్చినవాళ్ళను కొత్త సర్కారు పిలిచి పీట వేసిందేమీ లేదు. రెండేళ్ళు చూసి, పని నచ్చితే ఖాయం చేస్తామంది. ఖాయం కాగితం కోసం రామకిషన్ ఎదురుచూడని రోజు లేదు.

ఆయన అదబ్, ఆ అతి మర్యాద చూసి నాకు మొదట్లో నవ్వొచ్చేది. తండ్రి రాజురా తహసీలు కచేరీలో చప్రాసీ. కొడుక్కి అక్షరాలకన్నా ముందు నేర్పింది పెద్దవాళ్ళ ముందు ఎలా మాట్లాడాలన్నది. పైవాడి మొహం మీద 'కాదు' అనకూడదు. 'వద్దు' అసలే అనకూడదు. చెప్పవలసింది ఉంటే, 'హుజూర్ మునాసిబ్ అనుకుంటే' అని మొదలుపెట్టి, తమకు సబబనిపిస్తేనే సుమా అన్నట్టు, నేల చూస్తూ వదలాలి. వింటే సరే, వినకపోతే హుజూర్ ఇష్టం. ఆ కచేరీల్లో అది మర్యాద, బతుకుతెరువు కూడా. రామకిషన్ మైకు ముందు కూర్చున్నా, కంటికి కనబడని పైలట్‌కి నడుం వంచే మాట్లాడేవాడు.

"నీకు ఎదురుగ మనిషి లేడు గదా, ఎందుకు వంగుతవ్?" అని ఒకసారి ఏడిపించాను.

"మనిషి లేకున్నా హోదా ఉంటది గద, అనంతరావ్," అన్నాడు నవ్వుతూ.

అంతటివాడూ ఒక్కసారి నోరు జారాడు. వచ్చిన కొత్తల్లో ఒక విమానం దిగబోతుంటే పట్టీ మీదికి బర్రెలొచ్చాయి. కంగారులో మర్యాద మరిచి "ఆగండి, దిగొద్దు!" అని అరిచాడు. విమానం రెండు చుట్లు తిరిగి దిగింది. అందులో ఉన్న పెద్దమనిషికి మీటింగు ఆలస్యమైంది. ఆయన ఫిర్యాదు చేస్తే మా ఆఫీసరు ధనరాజ్ సాహెబ్ రామకిషన్‌కు మెమో ఇచ్చాడు. పట్టీ ఎలా ఉందో చెప్పే అధికారం ఆఫీసరుది. ఆపరేటరు ఆఫీసరు సంతకం చేసిన కాగితంలో ఉన్నదే చదవాలి, సొంత మాటలు చేర్చరాదు. ఆపద అని పైలట్ తన నోటితో అన్నప్పుడు మాత్రమే కళ్ళతో చూసింది చెప్పవచ్చు. ఆ మెమో టైపు చేసింది నేనే. రామకిషన్ దాన్ని బల్లమీది అద్దం కింద పెట్టుకున్నాడు.

ఇక ఆ సంతకాల సంగతి. రోజూ పొద్దున ఆఫీసరు పట్టీ పొడుగునా నడిచి చూసి, 'పట్టీ బాగుంది' అనో 'బాగాలేదు' అనో ఉన్న కాగితం మీద సంతకం చేయాలి. ధనరాజ్ సాహెబ్‌కు నడక గిట్టదు. సోమవారం నాడు నేను ఏడు కాగితాలు ఏడు తేదీలతో 'పట్టీ బాగుంది' అని టైపు చేసి ఇస్తే, టీ తాగుతూ ఏడింటి మీదా సంతకం గీకేసేవాడు. వారం పని ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఈ తెలివి ఎవరిదో నాకు జ్ఞాపకం లేదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. జ్ఞాపకం ఉంది. నాదే.

1958 జులై. సోమవారం ఎండ కాసింది, సంతకాలయ్యాయి. మంగళవారం నుంచి ఎడతెగని వాన. గురువారం మధ్యాహ్నం తెరిపిచ్చింది. రామకిషన్ పట్టీ చివరిదాకా నడిచి మోకాళ్ళదాకా మట్టితో తిరిగొచ్చాడు. మా నేల నల్లరేగడి. నీళ్ళు తాగిందంటే కాలు పెడితే వదలదు.

"పడమటి సగమంత బురదనే. కాలు దిగబడుతున్నది. గా కాగితం మార్చి కొట్టు, అనంతరావ్."

"కొడత. సంతకం ఎవరు పెడతరు?"

ధనరాజ్ సాహెబ్ బొంబాయి నుంచి వచ్చే పెద్ద ఆఫీసరును తీసుకురావడానికి దండలతో రైలు స్టేషనుకు పోయాడు. సాయంత్రం గానీ రాడు.

"ఇయ్యాల విమానం లేనే లేదు గద. సాహెబ్ వచ్చినంక చూద్దాం," అన్నాను.

"గంతే అంటవా?" అన్నాడు. కాళ్ళు కడుక్కుని, పెట్టె ముందు కూర్చున్నాడు.

మూడు గంటలకు పెట్టె పలికింది. సర్వే విమానం. గోండ్‌పిప్రి అడవుల మీద తిరిగి నాగపూర్ పోవలసింది. ఆ రోజు అందులో ఇద్దరున్నారు. ఒకడు పైలట్, హిందుస్తానీలో మాట్లాడే హుషారు మనిషి. రెండోవాడు వెంకటి. గోండ్‌పిప్రిలో సర్వే గొలుసు లాగే కూలీ. అడవిలో ఏ వాగు ఎక్కడుందో పైనుంచి చూపించడానికని అతన్ని ఎక్కించుకున్నారు. విమానం ఎక్కబోతున్నానని అంతకుముందు వారం మా ఆఫీసుకొచ్చి మరీ చెప్పిపోయాడు. అంత సంబరం.

"ఇంజిన్ కాస్త సతాయిస్తోంది. చాందాలో దిగి చూసుకుంటాను. పట్టీ ఎలా ఉంది?" అన్నాడు పైలట్.

రామకిషన్ లేచి నిలబడ్డాడు. "హుజూర్, దీన్ని ఆపద అని రాసుకోమంటారా?"

"అరే, అంత మాటెందుకు? చిన్న సంగతే."

చిన్న సంగతి కాదు. అప్పటికే నూనె చిమ్మి ముందు అద్దం మసకబారిందని తర్వాత విచారణలో ఆయనే చెప్పాడు. మరి ఆపద అని ఎందుకనలేదంటే, అంతకుముందు నెల ఆ మాట అన్నందుకు కంపెనీవాళ్ళు మూడు పేజీల సంజాయిషీ అడిగారట. మళ్ళీ రాయలేక అనలేదు. అక్కడ ఆకాశంలో ఆయనకూ ఒక మెమో ఉంది. ఇక్కడ అద్దం కింద రామకిషన్‌కూ ఒక మెమో ఉంది. ఆ ఒక్క మాట ఎదుటివాడు అంటాడేమోనని ఇద్దరూ చూశారు.

రామకిషన్ కాగితం తీసి చదివాడు. "నేటి తేదీన పట్టీ బాగుంది. ఇన్‌ఛార్జ్ ఆఫీసరు సంతకం." ఆగాడు. చెమటతో మైకు జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాడు. నడుం వంచాడు. "హుజూర్ మునాసిబ్ అనుకుంటే, తూర్పు అంచునే చక్రాలు ఆనిస్తే కొంచెం మేలుగా ఉంటుందేమో."

"ఏమిటి? సరిగా చెప్పవయ్యా. పట్టీ బాగుందా, లేదా?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. రామకిషన్ నా వైపు చూశాడు. బురద అని ఒక్క మాట. నేను అరిచినా మైకులో వినబడేది. ఆపరేటరుకు నియమం ఉంది, టైపిస్టుకు ఏ నియమమూ లేదు. నాకు మాత్రం రేపు ధనరాజ్ సాహెబ్, 'ఆ కాగితం తప్పని ఎవడన్నాడు?' అని అడగడం కళ్ళముందు కనబడింది. నేను కళ్ళు దించుకుని అద్దం కింది మెమో చూశాను. ఆయనా అదే చూశాడు.

"సంతకమైన కాగితం ప్రకారం బాగుంది, హుజూర్."

"షుక్రియా," అన్నాడు పైలట్.

పడమటి గాలి. గాలికి ఎదురుగా దిగడానికి విమానం తూర్పు నుంచి వచ్చింది. ఇంజిన్ మీద నమ్మకం లేదు కనుక పైలట్ ఎత్తునుంచి వేగంగా దించాడు. పట్టీ మొత్తం తనదేననుకుని నడిమధ్య ఆనించాడు. చక్రాలు బురదలోకి పోయిన చోట ముక్కు నేలకు గుచ్చుకుని, తోక లేచి, విమానం వెల్లకిలా పడింది. తూర్పు అంచున ఆనించి ఉంటే బురదకు ముందే ఆగేదని విచారణకొచ్చిన వాళ్ళే లెక్కగట్టారు.

రామకిషన్ చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. ఆయనా, కాపలా ఎర్రయ్యా కలిసి పైలట్‌ను బయటికి లాగారు. కాలు విరిగింది, బతికాడు. వెంకటి మెడ విరిగి అక్కడికక్కడే పోయాడు. నేను వెళ్ళేసరికి రామకిషన్ ఆ బురదలో కూర్చుని వెంకటి మొహం మీది మట్టి తన రుమాలుతో తుడుస్తున్నాడు.

"నాకు కనబడ్డది, అనంతరావ్. నా కాలు దిగబడ్డది గద. నేను చెప్పలేకపోతి," అన్నాడు. అదే మాట చాలాసేపు అన్నాడు.

మూడో రోజు వెంకటి తల్లి ఐలమ్మ గోండ్‌పిప్రి బస్సు దిగి మా ఆఫీసుకొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. నా బల్ల ముందు నిలబడి ఒకటే అడిగింది.

"బురద ఉన్నదని మీకు ఎరుకేనా, బాబూ? మావోనికి ఎవరన్న చెప్పిండ్రా?"

"విచారణ జరుగుతది, అవ్వా. అంత బయట పడతది," అన్నాను. ఆమె తల ఊపి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. నా మాట నమ్మింది.

విచారణకు బొంబాయి నుంచి ముగ్గురు వచ్చారు. మా ఆఫీసులోనే బల్లలు వేశారు. వాంగ్మూలాలు టైపు చేయడానికి నన్ను కూర్చోబెట్టారు. ధనరాజ్ సాహెబ్ తాను రోజూ పొద్దున్నే నడిచి చూసే సంతకం చేస్తానని, గురువారమూ నడిచానని, వాన తర్వాత ఎక్కువైందని చెప్పాడు. నేను టైపు చేశాను. రామకిషన్ వంతు వచ్చింది. మొదట్లో అన్నింటికీ 'జీ హుజూర్' అంటూ వచ్చాడు. మధ్యలో వాళ్ళ పెద్ద, "ఆఫీసరు కాగితం సరైనదే కదా, మరి తూర్పు అంచు అని నువ్వెందుకు అన్నావు?" అని అడిగాడు.

రామకిషన్ అంతదాకా నేలే చూస్తున్నాడు. అప్పుడు తలెత్తాడు. ఆ తల అంత నిటారుగా ఉండగా నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

"కాగితం అబద్ధం. సోమవారం నాడే ఏడు కాగితాల మీద ఒక్కతీరుగ సంతకాలైనయి. ఈయన పట్టీ మీద అడుగు పెట్టలేదు. టైపు కొట్టింది గీ అనంతరావు. అడుగుండ్రి."

హుజూర్ లేదు, సాహెబ్ లేదు. నా టైపు మిషను ఆగిపోయింది. గదిలో అందరూ నా వైపు తిరిగారు. ధనరాజ్ సాహెబ్ కళ్ళజోడు తుడుచుకుంటూ నన్ను చూసి చిన్నగా నవ్వాడు. హెడ్ క్లర్కు పోస్టు ఖాళీ ఉంది. నా పేరు పైకి పంపింది ఆయనే.

"నిజమేనా?" అని అడిగాడు పెద్దాయన.

"కాగితం మీద ఏ తేదీ ఉందో, నా రికార్డు ప్రకారం ఆ తేదీనే టైపు చేశాను సార్," అన్నాను.

ఆ మాట కూడా నేనే టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. రామకిషన్ నన్ను చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. మైకు పట్టుకుని గుమ్మం వైపు నన్ను చూసినప్పటి చూపే అది. పెళ్ళాం పిల్లలున్న వాణ్ణి, ఏం చేయగలనని తర్వాత చాలామందితో అన్నాను. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు.

నెల తిరక్కుండా తీర్పొచ్చింది. సంతకమైన కాగితంలో లేని మాటలు చేర్చి, పైలట్‌ను అయోమయంలో పడేసిన ఆపరేటరును నౌకరీ నుంచి తీసేశారు. ఆ 'తూర్పు అంచు' మాట ఒక్కటే ఆ రోజు ఆ గదిలో ఎవరైనా చెప్పిన నిజం. దానికే శిక్ష పడింది. సొంత మాటలు చెప్పరాదన్న ఆ మెమోను సాక్ష్యంగా జతచేశారు. దాని నకలు కొట్టింది ఎవరో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

రామకిషన్ అర్జీలు పెట్టుకున్నాడు. బొంబాయి వాళ్ళు, నీ పాత ఫైలు హైదరాబాద్‌లో ఉంది, అక్కడ అడుగు అన్నారు. హైదరాబాద్ వాళ్ళు, నిన్ను బొంబాయికి ఇచ్చేశాం, మాకు సంబంధం లేదన్నారు. 1960 మే నెలలో మళ్ళీ తెల్లారి, ఈసారి మహారాష్ట్ర అయింది. మా ఊళ్ళో మిఠాయిలు పంచారు. ముద్రలు మళ్ళీ మారాయి. ఆ కొత్త ముద్రలవాళ్ళు, అలాంటి ఫైలే తమకు రాలేదని జవాబిచ్చారు. నేను అప్పటికి హెడ్ క్లర్కును. ఆ ఫైలు నా బీరువాలో రెండో అరలో ఉంది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

రామకిషన్ చివరికి ఊరి బయట ఒక ప్రైవేటు బొగ్గుబాయిలో చేరాడు. బాయి మొగదల నిలబడి, మనుషుల్ని కిందికి దించే పంజరం తలుపు చూసి, ఇంజిన్ గదికి గంట కొట్టే పని. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మన తెలుగు కూలీలే అక్కడ ఎక్కువ. ఆ మొగదల కాలు పెట్టిన రోజు నుంచి ఆయన నోట ఒక్క మెత్తని మాట రాలేదు. తలుపు సరిగా పడకపోతే, తాడు కాస్త అటూఇటూ అయితే, పంజరంలో ఒక మనిషి ఎక్కువైతే, ఎవరని చూసేవాడు కాదు. "దిగు! చెప్తే ఇనబడతలేదా?" మేనేజర్లు మండిపడ్డారు, రెండుసార్లు జీతం కోశారు. ఆయన మారలేదు. ఆయన గంట దగ్గరున్న పందొమ్మిదేళ్ళలో ఆ పంజరంలో ఒక్క మనిషి పోలేదు. ఆ సంగతి ఎవరూ ఎక్కడా టైపు చేయలేదు.

ఊళ్ళో నేను ఎదురైతే మాత్రం ఆయన ఆగేవాడు. నడుం వంచి సలాం చేసేవాడు. "అనంతరావు గారికి దండాలు. హుజూర్ తబియత్ బాగున్నదా?" అనేవాడు. పక్కనున్న వాళ్ళు, రామకిషన్ ఇంత మర్యాద ఇచ్చేది మీ ఒక్కరికే అని నన్ను గొప్పగా చూసేవాళ్ళు. నాకు ఒళ్ళంతా మండిపోయేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, 'అరే అనంతరావ్' అని చొక్కా పట్టుకుంటే చాలుననుకునేవాణ్ణి. పట్టుకోలేదు.

1977లో ధనరాజ్ సాహెబ్ పోయాడు. పేపర్లో ఫోటో వేశారు, నిజాయితీపరుడన్నారు. అది చదివాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు కూర్చుని జరిగిందంతా టైపు చేశాను. ఏడు కాగితాలు, సోమవారం, బురద, విచారణలో నా అబద్ధం, బీరువాలో ఫైలు. ఒక్క పేజీ. దాన్ని జేబులో పెట్టుకుని బొగ్గుబాయికి పోయాను.

నేను పోయేసరికి ఎవరో పెద్ద ఆఫీసరు కిందికి దిగబోతున్నాడు. పంజరంలో కాలు పెట్టాడో లేదో రామకిషన్ కేక వినబడింది.

"ఆగు! తలుపు పడలే! కాలు వెనక్కి తియ్యి!"

ఆఫీసరు ఉలిక్కిపడి కాలు వెనక్కి తీశాడు. రామకిషన్ తలుపు గొళ్ళెం రెండుసార్లు లాగి చూసి, అప్పుడు ఎక్కమన్నాడు, గంట కొట్టాడు. పంజరం దిగిపోయింది. అప్పుడు నన్ను చూశాడు. చేతులు తుడుచుకుని, నడుం వంచాడు.

నేను కాగితం ఇచ్చాను. ఆయన అక్కడే నిలబడి చదివాడు. మొహంలో ఏమీ తెలియలేదు. చదివి మడతపెట్టి రెండు చేతులతో నాకే తిరిగిచ్చాడు.

"అంత రాసిన, రామకిషన్. సంతకం ఒక్కటే పెట్టలే. పెట్టి బొంబాయికి పంపుదునా? నీ నోటితోటి నువ్వు చెప్పు," అన్నాను. పెట్టు అంటాడని, తిడతాడని, నన్ను ఆ బాయిలోకి తోసేస్తానంటాడని చూశాను.

ఆయన నేల వైపు చూస్తూ, తహసీలు కచేరీలో తండ్రి నేర్పిన ఆ మెత్తని గొంతుతో అన్నాడు.

"హుజూర్ మునాసిబ్ అనుకుంటే."

గంట మోగింది. ఆయన వెనక్కి తిరిగి తన పనిలో పడ్డాడు.

ఆ కాగితం ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉంది. దాని మీద తేదీ ఉంది, సంతకం లేదు.